లెక్కల సార్ తిట్టని రోజు

మా లెక్కల సార్ ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాడు కాదు. ఆదివారం పెట్టే పరీక్షలో లెక్కల భాగానికి ఎన్ని మార్కులొస్తే వారమంతా అదే మన పేరు. యాభైకి ముప్పై ఎనిమిది తెచ్చుకున్నవాడు ముప్పై ఎనిమిది, ఇరవై రెండు తెచ్చుకున్న అమ్మాయి ఇరవై రెండు. నేను చాలాకాలం తొమ్మిదిని. ఒక వారం ఏడుకు దిగాను, ఒక వారం పదకొండుకు ఎక్కి కాస్త మురిశాను, మళ్లీ తొమ్మిది దగ్గరికే వచ్చి పడ్డాను. "తొమ్మిదీ, లెయ్" అనగానే లేచి నిలబడడం అలవాటైపోయింది. అలవాటయితే నొప్పి ఉండదని ఎవరైనా చెబితే వాళ్లకు నొప్పి సంగతి తెలియదని అర్థం.

తిరుపతి పాత ఊళ్లో ఒక టిఫిన్ హోటల్ పైన రేకుల గదిలో నడిచేది ఆ కోచింగ్. కింద సాంబారు తాలింపు పడితే పైన మాకు కళ్లు మండేవి. ఎంబీఏ ఎంట్రన్స్ రాసేవాళ్లందరం ఆ గదిలో ఇరుక్కుని కూర్చునేవాళ్లం. పరీక్షలో ఇంగ్లీషు ఉంటుంది, తర్కం ఉంటుంది, లెక్కలుంటాయి. మొదటి రెండూ నేను ఎలాగో ఈదేవాణ్ణి. బీఏలో చరిత్ర చదివినవాణ్ణి, లెక్కలను పదో తరగతిలోనే వదిలేసి హాయిగా బతుకుతున్నవాణ్ణి. అప్పటికి రెండుసార్లు ఎంట్రన్స్ రాశాను. రెండుసార్లూ లెక్కలే నన్ను ముంచాయి.

ఇది మూడోసారి, ఇదే చివరిసారి అని నాయన ముందే చెప్పేశాడు. ఆయనకు గంగమ్మ గుడికి పోయే దారిలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయల అంగడి ఉంది. ఆయన పిన్నమ్మ కొడుకు నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఈసారి సీటు రాకపోతే నన్ను అక్కడ ప్యాకింగ్‌లో పెట్టించేస్తానని ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆ కంపెనీ బస్సు తెల్లవారకముందే మా సందు మొదట్లో ఆగేది. కిటికీలకు తలలు ఆనించి, నోళ్లు తెరుచుకుని నిద్రపోతున్న నా ఈడువాళ్లను అందులో చూశాను. ఎంబీఏ చేసి నేనేదో గొప్పవాణ్ణి అయిపోతానన్న ఆశ నాకు ఎప్పుడూ లేదు. ఆ బస్సు ఎక్కకుండా ఉండాలి, అంతే.

ఇంట్లో నా తరఫున మాట్లాడేది అవ్వ ఒక్కతే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన తల్లే నన్ను పెంచింది. నాయన నాయుడుపేట ఊసెత్తినప్పుడల్లా అవ్వ కసిరేది. బిడ్డ చదువుకుంటా ఉండాడు, వానికి సీటు వస్తాది, నువ్వు నీ కొబ్బరికాయలు చూసుకో అనేది. లెక్కలంటే ఏమిటో, ఎంబీఏ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. నేను గెలుస్తానన్నది మాత్రం ఆమెకు ఖాయం. ఆ ఇంట్లో అంత నమ్మకం నాకు కూడా నా మీద లేదు.

సార్ గురించి చెప్పాలి. ఆయన మా ఊరివాడే, గంగమ్మ గుడి వెనక వీధిలో పుట్టి పెరిగినవాడు. పొట్టి మనిషి, మడత నలగని తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ సుద్దముక్క. ఆయన పద్ధతి ఏమిటంటే పెన్ను ముట్టకూడదు. ప్రతి లెక్కకూ ఒక షార్ట్‌కట్ ఉంటుంది, దాన్ని బట్టీ పట్టాలి. ప్రశ్న చదివి ఆయన చిటికెలు వేస్తాడు, మూడో చిటికెకు జవాబు నోట్లో నుంచి రావాలి. ముప్పై ఎనిమిదులూ నలభైలూ రెండో చిటికెకే అరిచేవాళ్లు. నాకు ఆ చిటికె చప్పుడు వినబడగానే ప్రశ్నలోని అంకెలు కూడా గుర్తుండేవి కావు.

కాలము-పని లెక్కలు చెబుతున్న రోజు నాకు బాగా గుర్తుంది. ఫలానావాడు ఒక పనిని పది రోజుల్లో చేస్తే, ఇంకొకడు పదిహేను రోజుల్లో చేస్తే, ఇద్దరూ కలిసి ఎన్ని రోజుల్లో చేస్తారు అనే రకం. నన్ను లేపాడు. మూడు చిటికెలూ అయిపోయాయి. సార్ కోప్పడలేదు. కోప్పడడం ఆయనకు చేతకాదు. బోర్డు వైపు తిరిగి తాపీగా ఇంకో లెక్క రాశాడు.

"రాసుకోండి. ఇరవై రెండు ఒక పనిని ఆరు దినాల్లో చేస్తాది. తొమ్మిది అదే పనిని ఎప్పటికీ చెయ్యలేడు. ఇద్దురూ కలిసి చేస్తే ఎన్ని దినాలు?"

మొదటి చిటికె పడకముందే గదంతా ఒక్క గొంతుతో "ఆరు సార్" అంది.

"అంటే ఏమి తెలస్తాది?" అన్నాడు సార్. ఎవరో వెనక నుంచి, తొమ్మిది ఉన్నా లేకపోయినా ఒకటే అని తెలుస్తుంది సార్ అన్నారు. గది విరగబడి నవ్వింది. ఇరవై రెండు కూడా తలవంచుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకో లెక్క వేస్తాడన్న భయం ఒకటి, లెక్క తప్పు లేకుండా సరిగ్గా ఉందన్న బాధ ఒకటి. నా గురించి ఎవరైనా వేసిన లెక్కల్లో అంత పొందికైనది మళ్లీ వినలేదు.

ఆ బ్యాచిలో నాకున్న ఒక్క స్నేహితుడు ముప్పై ఒకటి. నగరి నుంచి వచ్చినవాడు. ఇంట్లో మరమగ్గాలు, ఆ చప్పుడులో చదువు ఎక్కదని తిరుపతికి వచ్చి మా సందులోనే ఒక గది తీసుకున్నాడు. నాకన్నా చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. ఆదివారం మా ఇంట్లోనే తినేవాడు, అవ్వ వాడికి కొసరి కొసరి వడ్డించేది. సార్ అంటే వాడికి నాకన్నా ఎక్కువ భయం. సార్ అట్ల మాట్లాడేది మన మేలుకేనని వాడు తనకు చెప్పుకునేవాడు, నాకూ చెప్పేవాడు. మనసులో ఏమీ ఉండదన్నా, అంతా నోటి వరకే అనేవాడు. నేనూ అదే నమ్మాను. రోజూ తిట్టించుకునే మనిషికి అలాంటి నమ్మకం ఒకటి లేకపోతే మెట్లు ఎక్కి ఆ గదికి పోవడానికి కాళ్లు రావు.

ఎండలు ముదిరాక గంగ జాతర వచ్చింది. మా పరీక్ష ఆ పై వారమే. జాతర అంటే తిరుపతిలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, నగరివాడికి అవ్వ కూర్చోబెట్టి చెప్పింది. ఆ వారంలో రోజుకొక వేషం కడతారు. సున్నం లాంటి తెల్లమట్టి పూసుకునే రోజు ఒకటి, కుంకుమ పూసుకునే రోజు ఒకటి. తోటి వేషం రోజున ఒళ్లంతా బొగ్గుపొడి పూసుకుని, నడుముకు వేపమండలు కట్టుకుని వీధుల్లో తిరుగుతూ కనబడినవాణ్ణల్లా బూతులు తిడతారు. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. వేషంలో ఉన్నవాడి నోట తిట్టు పడితే అది అమ్మవారి దీవెన. పడ్డవాడి పీడ పోతుంది, పని అవుతుంది. ఎంత పచ్చిగా తిడితే అంత మంచిది. నగరివాడు నోరు వెళ్లబెట్టి విన్నాడు.

దానికి ఒక కట్టుబాటు కూడా ఉందని అవ్వ చెప్పింది. వేషం కట్టినవాడు లోపల పగ పెట్టుకుని తిట్టకూడదు. తిట్టు నోటి నుంచి రావాలి గానీ మనసు నుంచి రాకూడదు. మనసులో ఉన్నదాన్ని వేషం చాటున అంటే అమ్మ ఊరుకోదని మా వీధిలో అందరికీ తెలుసు.

ఇక మా సార్ ఏటా తోటి వేషం కట్టేవాడు. చిన్నప్పుడు ఒళ్లంతా అమ్మవారు పోసినప్పుడు వాళ్లమ్మ మొక్కుకున్న మొక్కు అది. మా వీధుల్లో ఆయన వేషానికి పెద్ద పేరు. మిగతావాళ్లు అరిగిపోయిన బూతులే తిడితే, సార్ మనిషిని చూసి వాడికి తగ్గట్టు కొత్తగా కట్టి తిట్టేవాడు. ఫలానా టైలరు కొడుకును సార్ తిట్టిన ఏడే వాడికి బ్యాంకు ఉద్యోగం వచ్చిందని, ఎవరింటి కోడలికో పిల్లలు పుట్టారని వీధిలో చెప్పుకునేవాళ్లు. పరీక్షలు రాసే పిల్లలున్న ఇళ్లవాళ్లు ఆ పొద్దు వాకిట్లో కళ్లాపి చల్లి ఆయన కోసం కాచుకుని ఉండేవాళ్లు.

అవ్వ కూడా కాచుకుంది. సారు నోట నాలుగు బూతులు పడితే చాలు, బిడ్డకు సీటు ఖాయమని ఊరంతా చెప్పుకుంది. ఏడాది పొడుగునా ఫీజు కట్టి మరీ ఆయనతో తిట్టించుకుంటున్న సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. లోపల నవ్వుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. క్లాసులో పడ్డ తిట్లన్నీ ఈ ఒక్క తిట్టుతో చెల్లిపోతాయని, మేము చెప్పుకున్నట్టు అంతా నోటి వరకేనని ఆ పొద్దు రుజువైపోతుందని అనిపించింది. తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, అవ్వ పక్కన వాకిట్లో నిలబడ్డాను.

పొద్దెక్కుతుండగా పలక డప్పుల మోత వినబడింది. ముందు పలకలవాళ్లు, వెనక సార్, ఆయన వెనక పిల్లల గుంపు. నల్లటి ఒంటి మీద చెమట చారలు, చేతిలో వేపకొమ్మ. తెల్ల చొక్కా మనిషిని అలా చూస్తే క్లాసులో కొత్తగా చేరినవాళ్లు గుర్తుపట్టలేకపోయారు. గొంతు విన్నాక గుర్తుపట్టారు. ఎదురింటి ఆమెను, ఆమె మొగుణ్ణి, వాళ్ల పెళ్లినాటి సంగతులతో సహా తిట్టాడు. వాళ్లు చేతులు జోడించి నవ్వుతూ నిలబడ్డారు. పక్కనే మా అంగడి గడపలో ఉన్న నాయనను కొబ్బరికాయలకు ముడిపెట్టి ఒక మాట అన్నాడు. అది రాయదగ్గది కాదు. మా నాయన అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

తరువాత నగరివాణ్ణి పట్టుకున్నాడు. మగ్గాన్ని, కండెను, వాడి రాబోయే పెళ్లాన్ని కలిపి అల్లిన తిట్టు అది. వాడికి ముఖం పాలిపోయి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవ్వ వాడి వీపు నిమిరి, పండింది పో, నీకు సీటు వచ్చినట్టే అంది. వాడు దండం పెట్టాడు.

అవ్వ నన్ను ముందుకు తోసింది. ఆమె చేతిలో మజ్జిగ చెంబు ఉంది. సార్ నా ముందుకు వచ్చి ఆగాడు. పలకలవాళ్లు, తిట్టు వినబడాలని, మోత తగ్గించారు. నేను తల వంచుకున్నాను. సార్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. చేతిలోని వేపకొమ్మను దించాడు. ఏమీ అనలేదు.

పిల్లలు కూడా అరవడం మానేశారు. అవ్వే నోరు తెరిచింది. "తిట్టప్పా. బిడ్డకు పై వారం పరీచ్చ ఉండాది."

"వద్దులే అవ్వా" అన్నాడు సార్. వేషంలో గొంతు కాదది, క్లాసులో గొంతు.

"ఏమప్పా, వాడేం తప్పు చేసినాడు? అందరినీ తిట్టినావే. రెండు మాటలు అను, నీకు పున్నెముంటాది."

సార్ మజ్జిగ చెంబు అందుకుని తాగి, మూతి తుడుచుకున్నాడు. "మనసులో లేని మాటే ఈ వేషంలో అనాల అవ్వా. ఈ పిల్లోని గురించి నేను ఏమన్నా అది మనసులో నుంచే వస్తాది. అమ్మ ఊరుకోదు."

అని నా వైపు తిరిగి, "మీరు కొంచెం పక్కకు రండి, పెద్దోళ్లు నిలబడుకోనుండారు" అన్నాడు. ఆయన నన్ను మీరు అనడం అదే మొదటిసారి. పలకలు మళ్లీ మోగాయి. గుంపు పక్కింటి వాకిట్లోకి జరిగింది. పక్కింటి ముసలాయన మీద తిట్లు కురుస్తుంటే వీధి వీధంతా మళ్లీ నవ్వింది.

నాకు తల కొట్టేసినట్టయింది. తొమ్మిది అన్నాడు, ఎప్పటికీ చెయ్యలేడన్నాడు, ఉన్నా లేకపోయినా ఒకటే అనిపించాడు. అవన్నీ నోటి వరకేనన్న ఒక్క మాట పట్టుకుని ఏడాది లాగాను. ఆయన ఆ ఒక్కటీ ఊడబెరుక్కుని, మజ్జిగ తాగి పోయాడు. ఆయన మంచివాడేనని, నియమం తప్పని భక్తుడని ఆ సాయంత్రం వీధిలో పొగిడినవాళ్లు కూడా ఉన్నారు. నాకు ఆయన భక్తి మీద ఉమ్మేయాలనిపించింది.

ఇక్కడే మా వాళ్లు చేసిన పని చెప్పాలి. బయటి ఊళ్లోనైతే, ఒక లెక్కల మాస్టారు ఒక కుర్రాడికి లెక్కలు రావని అనుకున్నాడు, అంతే అనుకుని ఊరుకునేవాళ్లు. మా వీధిలో అలా కాదు. పొద్దున సార్ చెప్పిన కారణం సందులో నాలుగు వాకిళ్లు దాటేసరికి మారిపోయింది. సారు తిట్టబోయినాడంట, నోట మాట రాలేదంట అన్నారు. ఇంకో రెండు వాకిళ్లు దాటాక, అమ్మే సారు నోరు కట్టేసిందంట అన్నారు. ఆ పూట దీపాలు పెట్టే వేళకు ఆ మాట మా ఇంటికే తిరిగి వచ్చింది. సార్ ఎదుట నిలబడి, ఆయన మాటలు తన చెవులతో విన్న అవ్వ కూడా దాన్నే నమ్మింది.

ఆ రోజు అవ్వ అన్నం తినలేదు. నాయన రాగానే, నేను అక్కడే కూర్చుని ఉండగానే చెప్పింది. "అమ్మే వద్దనిందప్పా. ఇంక వీనికి ఆ సదువు ఆశ పెట్టొద్దు. నాయుడుపేటలో సెప్పి పెట్టు." నాయనకు కావలసిన మాట ఆయన తల్లి నోటే వచ్చింది. నేను అరిచాను. సార్ అన్నది అది కాదు, నువ్వే విన్నావు గదా అన్నాను. అవ్వ నా వైపు జాలిగా చూసింది. జబ్బు మనిషిని చూసినట్టు చూసింది. అవ్వ అలా చూడడం భరించడం కన్నా సార్ నలుగురిలో తిట్టడం నయం.

మర్నాటి నుంచి కోచింగ్‌కు పోవడం మానేశాను. అంగడి వెనక కొబ్బరికాయలు పోసే చీకటి కొట్టు ఉంది. అందులో బల్బు వెలిగించుకుని, పీచు మీద గోనెపట్ట పరుచుకుని, పాత ప్రశ్నపత్రాలు పెట్టుకుని కూర్చున్నాను. చదువు మీద ఇష్టం ఏమీ లేదు, ఒట్టి కసి. సార్ షార్ట్‌కట్ల కాగితాలన్నీ చించి పడేశాను. చిటికెలు వేసేవాళ్లు ఎవరూ లేరు గనక మొదటిసారి ప్రశ్నను చివరిదాకా చదివాను.

అప్పుడొక సంగతి తెలిసింది. నాకు లెక్కలు రాకపోవడం కాదు, తొందరగా రావు. ఎనిమిదో తరగతి పిల్లవాడిలా, వంద అనుకుందాం అని మొదలుపెట్టి, అడ్డంగా నిలువుగా రాసుకుంటూ పోతే శాతాలు వచ్చాయి. రైళ్ల లెక్కకు రెండు గీతలు గీసి, వాటి మీద రైళ్లు బొమ్మ వేసుకుంటే అదీ వచ్చింది. కాలము-పని లెక్కల్లో, ఒక్క రోజులో ఎవడెంత చేస్తాడో విడివిడిగా రాసుకుని కూడితే చాలు. ఆ అధ్యాయం మీద నాకు ప్రత్యేకంగా పగ ఉంది గనక ఆ పత్రాల్లో ఒక్క లెక్క కూడా వదలకుండా చేశాను. సంభావ్యత, ప్రస్తారాలు మాత్రం ముట్టుకోకూడదని, వాటికి ఏదో ఒక జవాబు గుడ్డిగా నొక్కేసి ముందుకు పోవాలని ఒట్టు పెట్టుకున్నాను. తప్పు జవాబుకు మార్కు కోయరు. వాటి మీద పోయే సమయం మిగిలితే, నా నత్తనడకకు సరిపోతుంది.

నగరివాడు క్లాసు అయ్యాక వచ్చి నావి దిద్దేవాడు. మొదట్లో మొహమాటపడేవాడు, తరువాత వాడి ముఖంలో మార్పు కనబడింది. ఒకసారి దిద్దడం ఆపి, అన్నా ఇవి నువ్వే చేసినావా అని అడిగాడు. వాణ్ణి కొట్టబోయాను. వాడు నవ్వి, ఇట్లే చేస్తే చాలన్నా, నీకు వస్తాది అన్నాడు. ఆ కొట్టులో మురిగిన కొబ్బరి వాసన మధ్య నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఆ రోజుల్లోనే నాయన బీరువా తీసి నా సర్టిఫికెట్లు పట్టుకుపోయాడు. చాటుగా ఏమీ కాదు, చెప్పే తీసుకుపోయాడు. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్స్ కంపెనీలో ఇస్తేనే పేరు రాసుకుంటారని పిన్నమ్మ కొడుకు చెప్పాడట. పరీక్ష ఇంకా కాలేదు గదా అన్నాను. రాయి, ఎవరు వద్దన్నారు అన్నాడు. ఆ మాటలో వెటకారం కూడా లేదు. చిన్నపిల్లలు ఇసుకలో గుడి కడుతుంటే కట్టుకోమని చెప్పినట్టు చెప్పాడు. నా మనసంతా లెక్కల మీద ఉంది. కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చులే అనుకున్నాను.

పరీక్ష చంద్రగిరి దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పడింది. అంతకుముందు రెండుసార్లూ అవ్వ గడపలో నిలబెట్టి బొట్టు పెట్టి, నోట్లో చక్కెర పోసి పంపింది. ఈసారి నేను చెప్పులు వేసుకుంటుంటే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్ర కాదని ఇద్దరికీ తెలుసు. నగరివాడూ నేనూ బస్సు ఎక్కాం. హాల్లో కంప్యూటర్ ముందు కూర్చుని, ఇచ్చిన తెల్లకాగితం నిండా వంద అనుకుందాం, వంద అనుకుందాం అని రాసుకుంటూ పోయాను. బయటికి వచ్చేసరికి ఈసారి గట్టెక్కానని నాకు తెలుసు. ఇద్దరం చెరో చెరుకురసం తాగి ఇంటికొచ్చాం.

ఫలితాలు వచ్చిన రోజు లెక్కల్లో నాకు సగానికి పైనే వచ్చాయి. మిగతా రెండు భాగాలూ కలిపితే, తిరుపతిలోనే మంచి కాలేజీలో సీటు వచ్చే ర్యాంకు. నగరివాడిది నాకన్నా వెనక ర్యాంకు, వాడికీ ఎక్కడో ఒకచోట వస్తుంది. వాడు సందులో గంతులేశాడు.

కాసేపటికి సార్ ఫోన్ చేశాడు. ఏడాదిలో నాకు ఆయన ఫోన్ చేయడం అదే మొదలు. గొంతులో నిజంగా సంతోషం ఉంది. ర్యాంకు అంకెతోనే నన్ను పిలిచి, ఫ్లెక్సీ వేయిస్తున్నాను, తెల్ల బ్యాక్‌గ్రౌండుతో ఒక ఫోటో పంపించు అన్నాడు. క్లాసుకు ఎందుకు రాలేదని గానీ, జాతర సంగతి గానీ ఎత్తలేదు. నేను ఫోన్ పెట్టేశాను. ఫోటో నగరివాడి దగ్గర తీసుకున్నాడట.

ర్యాంకు వచ్చిందని చెబితే అవ్వ సంతోషపడలేదు, భయపడింది. నా చేయి పట్టుకుని, "అమ్మ వద్దనిందాన్ని ఎందుకు తెచ్చుకుంటివి రా" అంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. నేను ఆ చేయి విదిలించుకున్నాను.

నాయన మాత్రం కదిలాడు. ర్యాంకు కాగితాన్ని అంగడికి వచ్చినవాళ్లందరికీ చూపించాడు. సీటు తీసుకోవాలంటే సర్టిఫికెట్ల పరిశీలనకు ఒరిజినల్స్ చూపించాలని నగరివాడు చెప్పగానే అంగడి మూసి, నన్ను తీసుకుని నాయుడుపేట బస్సు ఎక్కాడు. అక్కడ ఒక ఆఫీసరు మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. పేరు రాసుకుంటే చేరినట్టేనని, చేరినవాళ్లు మధ్యలో వెళ్లిపోకుండా ఏడాది దాకా ఒరిజినల్స్ తమ దగ్గరే ఉంటాయని, అవి పెద్దాఫీసులో బీరువాలో ఉన్నాయని, ఏడాది నిండాక వస్తే అదే రోజు ఇచ్చేస్తామని చెప్పాడు. సంతకం మీదే గదా అని నాయనకు చూపించాడు. పిన్నమ్మ కొడుకు తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. నాయన చేతులు జోడించి బతిమాలాడు. గంగమ్మకు తప్ప ఆయన చేతులు జోడించడం నేను చూడలేదు. ఆఫీసరు రెండో టీ చెప్పించాడు.

తిరుగు బస్సు ఎక్కాం. నాయన ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. శ్రీకాళహస్తి దాటాక, నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఆ పొద్దు సారు నిన్ను ఒక్క తిట్టు తిట్టింటే, నేను ఆ కాగితాలు ఇచ్చేవాణ్ణే కాదు రా."

గడువు దాటిపోయింది. నగరివాడు చిత్తూరులో ఒక కాలేజీలో చేరాడు. నేను నాయుడుపేట బస్సు ఎక్కాను. ఏడాది నిండాక కాగితాలు చేతికొచ్చాయి, అప్పటికి నా జీతం ఇంటికి అలవాటైపోయింది. మళ్లీ రాయొచ్చు గదా అని అడిగినవాళ్లకు అవునంటాను. నాయనను ఆ మాటకు ఈ రోజుకీ క్షమించలేదు, ఆయన ముఖం చూసి అన్నం తినలేను. సార్ మీద ఎవరికైనా చెప్పుకుందామంటే నోరు రాదు. ఏమన్నాడని అడుగుతారు. ఆ రోజు ఆయన నన్ను ఏమీ అనలేదు.